ఆ సంతకానికి ముందు ఆడబిడ్డతో విడిగా మాట్లాడండి

చేవెళ్ల రెవెన్యూ డివిజనల్ అధికారి గారికి, చేవెళ్ల, మొయినాబాద్ మండలాల తహసీల్దార్లకు,



ఆడా మగా సమానత్వం గురించి లేఖ రాసేవాళ్లు ముఖ్యమంత్రికో, ఢిల్లీలో మంత్రికో రాస్తారు. నేను మీకు రాస్తున్నాను. తండ్రి చనిపోయాక ఆయన భూమి ఎవరి పేరు మీదికి ఎక్కాలో తేల్చే కలం మీ చేతిలో ఉంది. 2020లో ధరణి పోర్టల్ వచ్చినప్పటి నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ కూడా మీ ఆఫీసులోనే అవుతోంది. ‘నా వాటా నాకొద్దు’ అని ఆడబిడ్డ వేలిముద్ర వేసేది మీ టేబుల్ ముందే. మన రెండు మండలాల్లో సమానత్వం దక్కినా, పోయినా ఆ పది నిమిషాల్లోనే.

చట్టం మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఈ లేఖ చదివే అక్కాచెల్లెండ్ల కోసం, అన్నదమ్ముల కోసం రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమలు. అప్పటికే పెండ్లయిపోయిన కూతుళ్లకు మాత్రం వర్తించలేదు. ఇరవై ఏండ్ల తర్వాత, 2005 సెప్టెంబరు 9 నుంచి, కేంద్రం ఆ పెండ్లి గీతను చెరిపేసింది. పెండ్లయినా కాకున్నా కూతురు వాటాదారే. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న తకరారు మిగిలితే, అక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల ధర్మాసనం తేల్చింది. మన ఊర్లలో తరచూ వినిపించే ‘ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నం’ అన్న వాదనను గట్టి ఆధారాలు లేకుండా ఒప్పుకోవద్దని కూడా అదే తీర్పు చెప్పింది. ఇక తండ్రి స్వయంగా కొన్న భూమి అయితే, ఆయన వీలునామా రాయకుండా పోతే, భార్యకూ కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా అన్నది 1956 నుంచే ఉంది.

లెక్క వేసి చెబితే ఇంకా తేటగా ఉంటుంది. నాలుగెకరాలున్న రైతు చనిపోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ఆయన తల్లి ముందే పోయింది. భూమి ఆయన సొంతంగా కొన్నదైతే 160 గుంటలు ఐదు వాటాలు, తలా 32 గుంటలు. తాతల నాటి ఉమ్మడి భూమి అయితే ముందు తండ్రికి, నలుగురు పిల్లలకు ఐదు వాటాలు పడి, తండ్రి వంతు 32 గుంటలు మళ్లీ ఐదుగురికి పంచాలి. అప్పుడు ఒక్కో కూతురికి 38 గుంటలకు పైనే వస్తుంది, ఎకరానికి కొంచెం తక్కువ. ఈ లెక్కను ఎవరైనా తన ముందు వేసి చూపించిన ఆడబిడ్డ మన మండలాల్లో ఎంతమంది ఉంటారు?

ఈ విషయం ఇప్పుడే ఎందుకు ఎత్తుతున్నానంటే, మన భూమి ధర మారిపోయింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996 మార్చిలో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలకు అడ్డుకట్ట వేసింది. అందులో మన గ్రామాలెన్నో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు తీసేస్తున్నట్టు ప్రకటించారు. జలాశయాల సంగతి వేరే పెద్ద చర్చ, దానిలోకి పోను. ఇంటి సంగతి చెబుతాను. అప్పటిదాకా బంతిపూలు, క్యారెట్, టమాట పండిన చెల్క గురించి ఇప్పుడు కోట్లలో మాట్లాడుకుంటున్నారు. చేవెళ్లకు పోయే మర్రిచెట్ల రోడ్డుకు అటూఇటూ ఫామ్‌హౌస్‌లు, వెంచర్ల బోర్డులే. ఎకరం లక్షల్లో ఉన్ననాడు అక్క పేరు ఎవరికీ గుర్తు లేదు. కొనేవాడి వకీలు ‘ఆడబిడ్డల సంతకాలు కావాలి’ అనేసరికి అందరికీ గుర్తొచ్చింది. ఎక్కడో అత్తగారింట్లో ఉన్న యాభై ఏండ్ల మనిషికి పొద్దున్నే ఫోన్ పోతుంది.

మన జిల్లాలోనే ఒక తహసీల్దార్ ఆఫీసులో నా కండ్లారా చూసింది చెబుతాను. ఆమెకు అరవై దగ్గర పడి ఉంటాయి. తమ్ముడు పెట్టిన కొత్త చీర కట్టుకుని వచ్చింది, మడత గీతలు ఇంకా పోలేదు. కాగితంలో ఏముందో ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మిషన్ మీద బొటనవేలు పెట్టింది, పట్టలేదు. మళ్లీ పెట్టింది, పట్టలేదు. కలుపు తీసి తీసి, పూలు తెంపి తెంపి వేలి గీతలు అరిగిపోయాయి. ఆపరేటర్ వేరే వేలు పెట్టమన్నాడు. తమ్ముడు తన తువ్వాలతో ఆమె వేలు తుడిచి, తానే పట్టుకుని అద్దం మీద నొక్కాడు. ‘గట్టిగ పెట్టక్కా, అయిపోతది’ అన్నాడు, ప్రేమగానే అన్నాడు. ఈసారి పట్టింది. బయటికొచ్చాక, ‘దేనికమ్మా సంతకం?’ అని అడిగాను. ‘నాయిన పేరు తీసి తమ్ముని పేరు ఎక్కిస్తుండ్రట. నాకేం ఎరుక బిడ్డా’ అంది. పెండ్లికి ముందు అదే చెల్కలో నాగలి వెనుక గింజలు వేసిన మనిషి ఆమె.

ఇక్కడ చట్టాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు. వారసులంతా ఒప్పుకున్నారు, వేలిముద్రలు పడ్డాయి, ఫైలు పక్కాగా ఉంది. నన్ను కలత పెట్టేది అదే. కాగితం మీద ఒప్పుకోలు ఉంది, అది ఏ షరతు మీద వచ్చిందో కాగితం చెప్పదు.

ఆడబిడ్డ ఎందుకు సంతకం పెడుతుంది? భూమి విలువ తెలియక కొందరు పెడతారు, నిజమే. ఎక్కువమంది తెలిసే పెడతారు. ఆమె లెక్కలో ఒకవైపు 32 గుంటలు, ఇంకోవైపు తల్లిగారి గడప. రాఖీ కట్టడానికి పోయే ఇల్లు, బతుకమ్మకు పిలిచే ఇల్లు, ఒడిబియ్యం పోసే చేతులు, అత్తగారింట్లో చెయ్యి లేస్తే పిల్లల్ని చంకనేసుకుని బస్సెక్కి పోగలిగిన ఒకే ఒక చోటు. భూమి అడిగితే ఆ తలుపు మూసుకుంటుందని ఆమెకు చిన్నప్పటి నుంచి చెప్పారు. ‘తమ్ముని మీద కేసేసిందట’ అన్న మాట ఊరంతా తిరిగితే ఎట్లుంటుందో ఆమె చూసింది. అందుకే వదులుకుంటుంది. దాన్ని మనం ప్రేమ అంటాం. ప్రేమ కూడా ఉంటుంది, కాదనను. కానీ అన్న తన వాటా అడిగితే తల్లిగారిల్లు అతనికి దూరం కాదు. ఒక బిడ్డకు హక్కుగా వచ్చేది ఇంకో బిడ్డకు సంబంధాన్ని తెంచేదిగా ఎందుకు మారాలి? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం దొరికే వరకు మనం సమానత్వం వచ్చేసిందని అనుకోలేం.

అన్నదమ్ముల మాటలు కూడా విన్నాను. ‘కట్నమిచ్చి పెండ్లి చేసినం కదా’ అంటారు. ఆ కట్నం ఏ ఆడబిడ్డ పేరున ఉంది? అత్తగారింటి అప్పులకు, ఆడపడుచు పెండ్లికి, బండికి పోయింది. 1961 నుంచి నేరమైన ఒక పనిని చూపించి, 1985 నుంచి ఉన్న హక్కును కొట్టేయడం ఏం న్యాయం? ‘అమ్మానాన్నల్ని చూసుకునేది మేమే’ అంటారు. కొందరు నిజంగానే కండ్లల్లో పెట్టుకుని చూస్తారు, వాళ్లకు దండం. కానీ తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం ఆ బాధ్యతను కూతురి మీద కూడా పెట్టింది. పైగా మంచాన పడ్డ తల్లికి స్నానం చేయించేది చాలా ఇండ్లలో కోడలో, పరుగున వచ్చిన కూతురో. ‘భూమి ముక్కలైపోతది’ అన్నది ఇంకో మాట. ముగ్గురు అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఈ మాట రాదు. అదే భూమిని రెండు వందల గజాల ప్లాట్లుగా కోసి అమ్మినప్పుడూ రాదు.

ఒక్క మాట మాత్రం నేను ఒప్పుకోక తప్పదు. ధర పెరిగాక, ముప్పై ఏండ్లు పట్టించుకోని అల్లుండ్లు భార్యల్ని ముందు పెట్టి వాటా కోసం ఒత్తిడి చేయడం కూడా ఉంది. తల్లిగారింటి నుంచి తెమ్మని కొట్టడం, తెచ్చాక దాన్ని తన పేరున రాయించుకోవడం ఉంది. అక్కడా నష్టపోయేది ఆమే. అందుకే నేను అడుగుతున్నది ‘ప్రతి ఆడబిడ్డా వాటా తీసుకోవాలి’ అని కాదు. తీసుకోవాలో వద్దో ఆమె మనసులో మాట, తమ్ముడూ భర్తా ఇద్దరూ పక్కన లేనప్పుడు, ఒక్కసారి ప్రభుత్వం వినాలి. ఆ ప్రభుత్వం ఆమెకు కనిపించేది మీ రూపంలోనే.

పేరు పాసుపుస్తకంలో ఉంటే ఏమొస్తుంది, లేకుంటే ఏం పోతుంది అనేవాళ్లు మన పూలతోటల్లో ఒక పొద్దు గడపాలి. తెల్లవారకముందే టార్చిలైటు పెట్టుకుని బంతీ చామంతీ తెంపేది ఆడవాళ్లు. మూటలు కట్టి బండికెత్తాక గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి డబ్బు చేతబట్టుకునేది చాలావరకు మగవాళ్లు. దేశం మొత్తం మీద పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లలో నూటికి 75 మంది దాకా వ్యవసాయం మీదే ఉన్నారు. 2015-16 వ్యవసాయ గణనలో మాత్రం కమతదారుల్లో ఆడవాళ్లు నూటికి 14 మందే. రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు పడేది పట్టాదారు ఖాతాలో. బ్యాంకులో పంట రుణం అడగాలన్నా పాసుపుస్తకమే. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది రైతు బీమా. 2018 ఆగస్టు 15న మొదలైన ఆ పథకంలో 18 నుంచి 59 ఏండ్ల లోపు పట్టాదారు చనిపోతే ఇంటివాళ్లకు 5 లక్షలు వస్తాయి. మంచి పథకం, ఎన్నో ఇండ్లను నిలబెట్టింది. కానీ ఇరవై ఏండ్లు పూలతోట నడిపిన ఆడమనిషి పాము కరిచి అదే తోటలో చనిపోతే, పట్టా ఆమె పేరున లేదు కాబట్టి ఆమె రైతు లెక్కలోకి రాదు. ఆమె పిల్లలకు ఆ 5 లక్షలు రావు.

భూమికీ ఇంట్లో దెబ్బలకూ ఉన్న ముడిని ఆర్థికవేత్త బీనా అగర్వాల్, ప్రదీప్ పాండా కేరళలో తిరువనంతపురం ప్రాంతంలో లెక్కగట్టారు. ఆస్తి ఏమీ లేని ఆడవాళ్లలో నూటికి 49 మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నారు. భూమి, ఇల్లు రెండూ తమ పేరున ఉన్నవాళ్లలో ఆ సంఖ్య నూటికి 7. తన పేరున ఒక చోటు ఉందని ఆమెకు తెలుసు, ఇంట్లోవాళ్లకూ తెలుసు. పోలీస్ స్టేషన్‌కు, సఖి కేంద్రానికి పోయే దాకా రాకముందే చెయ్యి ఆగుతుంది.

ఆడబిడ్డకు ఆమె హక్కు దక్కించే పని మన ప్రాంతానికి చేతకాదని నేను అనుకోను. 2000 సంవత్సరం ఉపఎన్నికలో చేవెళ్ల ఓటర్లు సబితా ఇంద్రారెడ్డిని అసెంబ్లీకి పంపారు. 2009లో ఆమె దేశంలోనే ఒక రాష్ట్రానికి తొలి మహిళా హోంమంత్రి అయ్యారు. ఇవాళ పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. పదవులు ఆ మేరకు వచ్చాయి, పట్టాలు రాలేదు. ఇంకో సంగతి నాకు మరింత ధైర్యమిస్తుంది. 1991లో మీ పక్కనే ఉన్న శంకర్‌పల్లి నుంచి ప్రొఫెసర్ శాంతా సిన్హా నాయకత్వంలో ఎంవీ ఫౌండేషన్ పిల్లల్ని పని మాన్పించి బడికి పంపే పని మొదలుపెట్టి, రంగారెడ్డి జిల్లా ఊరూరా తిరిగింది. పేద ఇండ్లలో ఆడపిల్ల పనికి పోకుంటే పూట గడవదని, చదివిస్తే పెండ్లి కాదని అప్పుడు అందరూ అన్నారు. టీచర్లు, యువకులు, సర్పంచులు ఒక్కో ఇంటి గడప ఎక్కి మాట్లాడారు. ‘ఏ పిల్లా పనిలో ఉండొద్దు’ అన్నది ఊరి కట్టుబాటుగా మారింది. ఆ పనికే 2003లో శాంతా సిన్హాకు మెగసెసె అవార్డు వచ్చింది. నాడు బడికి పోయిన ఆ ఆడపిల్లలే ఇవాళ తండ్రుల విరాసత్ (వారసత్వ) కాగితాల మీద సంతకాలు పెడుతున్నారు. చదవడం నేర్పిన ఊరు, చదవకుండానే సంతకం పెట్టమంటోంది.

ఇప్పుడు మీరు చేయగలిగినవి చెబుతాను. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూ భారతి చట్టం, వారసత్వ ముటేషన్‌కు ముందు నోటీసులిచ్చి విచారణ చేయమంటోంది. ధరణిలో లేని ఆ విచారణ తిరిగి రావడం పెద్ద మార్పు, దాన్ని మొక్కుబడి కానివ్వకండి. నోటీసు తల్లిగారింటి తలుపుకు అంటిస్తే ఆమెకు చేరదు. ఆమె ఉన్న ఊరికి, ఆమె సొంత ఫోన్ నంబరుకు పోవాలి. తమ్ముని నంబరే ఆమె నంబరుగా రాసిన దరఖాస్తులను తిప్పి పంపండి. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థ పోయాక ఊర్లో ఏ ఇంట్లో ఎంతమంది బిడ్డలో తెలిసిన మనిషే లేకుండా పోయాడు. 2025 సెప్టెంబరు నుంచి గ్రామ పాలన అధికారులు వచ్చారు. కుటుంబ వృక్షం రాసే పని వాళ్లకు అప్పగించి, చనిపోయిన కూతురి పిల్లల పేర్లతో సహా, గ్రామసభలో చదివించండి. కూతుళ్లను మొత్తానికే లేనట్టు రాసే ఫ్యామిలీ సర్టిఫికెట్లకు అక్కడే అడ్డుకట్ట పడుతుంది.

ఆమె ఆఫీసుకు వచ్చిన రోజు మిగతావాళ్లను బయట కూర్చోబెట్టండి. మీ ఆఫీసులో పనిచేసే మహిళా ఉద్యోగిని పక్కన పెట్టుకుని నాలుగు మాటలు అడగండి. ఈ కాగితం దేనికో నీకు తెలుసా అమ్మా? నీకు వచ్చే వాటా ఇన్ని గుంటలు, ప్రభుత్వ ధర ప్రకారం దాని విలువ ఇంత, తెలుసా? వద్దనుకుంటున్నావా? ఎవరన్నా బెదిరించారా? ఆమె మాటలు ఆమె మాటల్లోనే రాసుకోండి. అంతా విన్నాక కూడా ‘నా తమ్మునికే ఇస్త’ అంటే అది ఆమె హక్కు, గౌరవించండి. కాస్త తడబడినా ఆ రోజు స్లాట్ వాయిదా వేయండి. సంతకం పెట్టి మోసపోయానని తర్వాత తెలిస్తే, తెలిసిన నాటి నుంచి మూడేండ్లలోపే సివిల్ కోర్టుకు పోవాలని, ఉచిత న్యాయ సహాయం ఉందని రాసిన చీటీ ఒకటి తెలుగులో, ఉర్దూలో ఆమె చేతిలో పెట్టండి. ఉర్దూలో ఎందుకంటే, షరియత్ కూతురికి కొడుకు వాటాలో సగం ఇమ్మంటున్నా, ఆ సగం కూడా చేతికి రాని చెల్లెండ్లు మొయినాబాద్‌లో ఉన్నారు. హిందూ వారసత్వ చట్టం వర్తించని గిరిజన కుటుంబాల ఫైళ్లు వచ్చినప్పుడు, ‘మా ఆచారంలో ఆడవాళ్లకు లేదు’ అన్న మాటతో మూసేయకండి. ఆడదన్న ఒక్క కారణంతో గిరిజన మహిళ వారసులకు వాటా నిరాకరించడం సమానత్వ హక్కుకు విరుద్ధమని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది.

తండ్రులు బతికి ఉండగానే మీ దగ్గరికి వచ్చే సందర్భాలూ ఉంటాయి. కొత్తగా భూమి కొన్న రైతును ‘భార్య పేరు కూడా పెడతావా?’ అని అడగండి. మహారాష్ట్రలో రైతు నాయకుడు శరద్ జోషి ‘లక్ష్మీ ముక్తి’ పేరుతో పిలుపిస్తే ఎన్నో ఊర్లలో మగ రైతులు తమ భూమిలో కొంత భార్యల పేరున రాశారు. మన రాష్ట్రంలో 2014లో దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం వచ్చినప్పుడు పట్టా ఆడవాళ్ల పేరునే ఇచ్చారు. అడిగితే పెట్టేవాళ్లు ఉన్నారు, అడిగేవాళ్లే తక్కువ.

మీ మీద ఉన్న ఒత్తిడి నాకు తెలియక కాదు. కోట్ల భూమి ఫైలు మీద కూర్చున్న అధికారికి ఫోన్లు ఎక్కడెక్కడి నుంచి వస్తాయో, ఆలస్యమైతే ఎవరెవరు అరుస్తారో ఊహించగలను. 2019 నవంబరులో ఇదే జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దార్ విజయారెడ్డిని ఆమె ఆఫీసు గదిలోనే నిప్పంటించి చంపారు. ఆ రోజు తర్వాత మీ కుర్చీలో కూర్చోవడం ఎంత బరువో నేను తక్కువ చేసి మాట్లాడను. అందుకే ఈ పద్ధతి ఒక్కో అధికారి మంచితనం మీద ఆధారపడొద్దు. ఆర్డీవో గారూ, డివిజన్ మొత్తానికి ఒక రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. ‘పై నుంచి ఆదేశం, ఆడబిడ్డతో విడిగా మాట్లాడకుండా ఫైలు కదలదు’ అని తహసీల్దార్ ఎవరికైనా చెప్పుకోగలగాలి. తమ్మునికి కూడా అది మేలే. అక్క తనంతట తానే ఇచ్చిందని రికార్డు ఉంటే రేపు కోర్టులో ఆ పట్టా నిలుస్తుంది, కొనేవాడికీ భయం ఉండదు.

ఇంకొక్కటి. నెలనెలా మీ నోటీసు బోర్డు మీద మూడు అంకెలు రాయించండి: ఈ నెల ఎన్ని విరాసత్ ఫైళ్లు వచ్చాయి, వాటిలో ఎన్నింట్లో కూతుళ్లున్నారు, ఎంతమంది కూతుళ్ల పేర్లు పాసుపుస్తకంలోకి ఎక్కాయి. పేర్లు వద్దు, సర్వే నంబర్లు వద్దు, అంకెలు చాలు. మొదటి నెల అంకెలు వచ్చాక మా మహిళా సంఘాల వాళ్లం వచ్చి కలుస్తాం. ఆ అంకెల మీద ముందు ఊర్లలో మాట్లాడాల్సింది మేమే.

ఇట్లు,
మొయినాబాద్ మండలం నుంచి ఒక ఆడబిడ్డ